కంప్యూటరును నడపు వ్యవస్థలు — మన సామాన్యజనుల యెఱుక

(ఇబ్రహీంపట్నమున జరిగిన మన కులసంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినప్పుడు, విద్యార్థివేతనములను గూర్చియో వసతిగృహమును గూర్చియో మేము మాటలాడుదుమని వారు తలచియుందురు. ఆ విషయములను మాకంటె బాగుగ నెఱిగిన పెద్దలు ఈ వేదికమీదనే యున్నారు. కావున మేము వేఱొక విషయమును గ్రహించితిమి. మన యింట, మన యంగడియందు, మన జేబులో రేయింబవళ్లు పనిచేయుచుండియు, మనకు పేరైనను తెలియని యొక పనివానినిగూర్చి ముచ్చటింపదలచినారము. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. నిర్వహణవ్యవస్థ యని తెలుగున కొందఱు వ్రాయుచున్నారు. పేరేదైనను మాకు పట్టింపు లేదు. వస్తువు తెలిసిన చాలును.

ఈ సభకు వచ్చుటకు ముందు మేము మన బంధువర్గములో కొందఱిని, మాటల సందర్భమున, "మీ కంప్యూటరును నడపునది యేది?" అని యడిగితిమి. ఒకరు ఆ యంత్రమును చేసిన కంపెనీ పేరు చెప్పిరి. ఒకరు ఇంటికి ఇంటర్నెట్టు ఇచ్చువారి పేరు చెప్పిరి. నూలుదుకాణము నడపు పెద్దమనిషి యొకరు "మా గుమాస్తా" యనిరి. ఆ యుత్తరమే నిజమునకు మిక్కిలి దగ్గఱగా నున్నదని మేము సంతోషించితిమి. ఇందుకు మనము మాత్రమే సిగ్గుపడనక్కఱలేదు. 2009లో గూగుల్ సంస్థవారు న్యూయార్కు నగరమున టైమ్స్ స్క్వేర్ కడ దారిన బోవువారిని నిలిపి, బ్రౌజరనగా నేమియని యడుగగా, నూటికి 8 మందియైనను సరిగా చెప్పలేకపోయిరి. మన దేశమున 2017–18లో జరిగిన 75వ జాతీయ నమూనా సర్వే ప్రకారము, 5 ఏండ్లకు పైబడినవారిలో కంప్యూటరును వాడనేర్చినవారు నూటికి 16.5 మంది, పల్లెలందు 9.9 మాత్రమే. వాడనేర్చినవారే యింత కొలదిగా నున్నప్పుడు, తాము వాడునది యేమో యెఱిగినవారి మాట చెప్పనేల?

ఈ యూరి పెద్దచెఱువును చూడని వారీ సభలో నుండరు. ఇది ఇబ్రహీం కులీ కుతుబ్ షా నాటిదని ప్రసిద్ధి. చెఱువు నిండినంతమాత్రమున పొలములు పండవు గదా! తూము తెఱచువాడొకడు కావలెను. ఏ మడికి ఎంతసేపు, ఎవరి వంతు ముందు, ఎవరి వంతు వెనుక, కాలువ గట్టు తెంపుకొని నీరు మఱలించుకొనువానిని ఆపుట యెట్లు — ఇవి యన్నియు నీరటివాని పనులు. కంప్యూటరులో లెక్కలుచేయు ప్రాసెసరు అను భాగము, తలపున నుంచుకొను మెమరీ యను భాగము చెఱువునీటివంటివి. మనము తెఱచిన ఉత్తరము, లెక్కల పుస్తకము, బొమ్మ, పాట — ఇవి యన్నియు మడులు. వీనికి కాలమును, చోటును వంతులువేసి పంచు నీరటివాడే ఆపరేటింగ్ సిస్టమ్. ఒక్క మడియే నీరంతయు త్రాగి తక్కినవి యెండిపోవునప్పుడు మన పిల్లలు "హ్యాంగైనది" అందురు. నీరటివాడు మంచివాడైనచో ఊరిలో వాని పేరెవ్వరును తలపరు. వాడు నిద్రించిననాడు మాత్రము ఊరంతయు చెఱువుకట్టమీదనే యుండును.

మఱియొక సంగతి. ఈ విద్య మనకు పరాయిదని కొందఱు వెనుదీయుచున్నారు. అది పొరపాటు. 1804లో ఫ్రాన్సు దేశపు లియోను నగరమున జోసెఫ్ మారీ జాకార్డు అనునతడు, అట్టలకు రంధ్రములు పొడిచి, ఆ రంధ్రముల క్రమమునుబట్టి మగ్గముమీద పడుగుదారములు లేచి పువ్వులు దిగునట్లు చేసెను. ఆయన పేరు మన నేతగాండ్ర నోట నేటికిని "జాకార్డు" అనియే నిలిచియున్నది. ఆ రంధ్రముల యట్టవంటి దానితోనే అమెరికాలో హోలరిత్ అనునతడు 1890 నాటి జనాభాలెక్కలను యంత్రముచేత తేల్చెను. హోలరిత్ స్థాపించిన కంపెనీ మఱికొన్నిటితో 1911లో కలిసి, 1924లో ఐబీఎం అను పేరు వహించెను. ఆ ఐబీఎం వారే 1981 ఆగస్టులో బల్లమీద నుంచుకొనదగిన చిన్న కంప్యూటరును అమ్మకమునకు తెచ్చిరి. దానికి కావలసిన నీరటివానిని వారు తామే చేయక, మైక్రోసాఫ్ట్ అను చిన్న సంస్థను అడిగిరి. ఆ సంస్థయు తాను స్వయముగ చేయలేదు. సియాటిల్ పట్టణమున వేఱొక చిన్న కంపెనీ చేసియుంచిన దానిని కొని, దిద్ది, ఐబీఎం వారికి ఇచ్చెను. ఇచ్చునప్పుడు ఒక్క షరతును మాత్రము విడువలేదు: దీనిని ఇతరులకును అమ్ముకొను హక్కు మాది.

విండోసు ప్రాబల్యమునకు మూలము ఆ షరతులోనే యున్నదని మా యభిప్రాయము. ఐబీఎం యంత్రమునకు నకళ్లు చేయువారు బయలుదేరగానే, ఆ నకళ్లన్నిటికిని నీరటివాడొక్కడే యయ్యెను. 1985లో విండోసు మొదటి కూర్పు వచ్చినను దానిని అడిగినవారు తక్కువ; 1995 ఆగస్టులో విండోసు 95 వచ్చిన పిమ్మట అది యిల్లిల్లు చేరెను. యంత్రము కొన్నవాడు విండోసును ఎన్నుకొనలేదు, అది యంత్రముతోడనే వచ్చినది. నెలవారి బియ్యమునకు పోయినవానికి సంచి వచ్చినట్లు వచ్చినది. దొంగప్రతులు వాడినవారివలనను దానికి ప్రచారమే కలిగెను గాని నష్టము కలుగలేదు. ఆ ప్రతులపై చేయి తిరిగినవాడు ఆఫీసునకు పోయినప్పుడు దానినే యడుగును గదా. ఈ ప్రాబల్యమును మేము నిందించుట లేదు. పాడైనప్పుడు బాగుచేయువాడు పక్కవీథిలోనే దొరకుట యెంత సౌకర్యమో అనుభవించినవారికి తెలియును. ఊరందఱిది యొకదారి, ఉలిపికట్టెది యొకదారి యన్న సామెతకు వెఱచియే పెక్కుమంది ఈ దారి పట్టినారు. అయితే పదిమంది నడచుటయే దారి మంచిదనుటకు సాక్ష్యము కాదు. లినక్స్ అను వ్యవస్థ యొకటి కలదు. ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించి, ఎవరైనను చూచి దిద్దుకొనుటకు వీలుగ లోకమున కిచ్చినది. అంతకు ముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ఉద్యమము దానికి తోడయ్యెను. ప్రపంచమునందలి మొదటి 500 మహాకంప్యూటర్లును 2017 నవంబరు నుండి ఈ లినక్స్‌తోడనే నడచుచున్నవి. మన యిండ్లలో మాత్రము దాని పేరు వినబడదు.

హైదరాబాదున 1998 నుండి మైక్రోసాఫ్ట్ వారి అభివృద్ధికేంద్ర మున్నది. 2014 ఫిబ్రవరినుండి ఆ సంస్థకు అధిపతిగానున్న సత్య నాదెళ్లగారు హైదరాబాదున పుట్టినవారు. మన యిబ్రహీంపట్నమునకు చేరువనే ఆదిబట్లలో టాటా కన్సల్టెన్సీవారి ప్రాంగణము వెలసినది. చుట్టును ఇంజనీరింగు కళాశాలలు లెక్కకు మిక్కిలిగ నున్నవి. మన బిడ్డలు వాని బస్సులెక్కుచున్నారు. సంతోషమే. అట్లయినను ఆ బస్సు దిగివచ్చిన కుమారుడు లోకములోని బ్యాంకులకు ప్రోగ్రాములు వ్రాయుచుండ, అతని తల్లి ఫోనులోని బ్యాంకు సందేశమును చదివించుకొనుటకు వీథిచివరి దుకాణపు కుఱ్ఱవానికి ఫోనును, రహస్యసంఖ్యను ఒక్కమాఱే అప్పగించుచున్నది! ఈ రెంటి నడుమ నున్న అగాధమునుగూర్చియే మా యావేదన.

అందఱును యంత్రరహస్యములు నేర్వవలెనా యని యడుగుదురేమో. అక్కఱలేదు. మన వృత్తినుండియే ఒక యుదాహరణము చెప్పెదము. పోచంపల్లి చీరను కొను ఇల్లాలు చిటికికట్టుట నేర్వనక్కఱలేదు, ఆసు పోయనక్కఱలేదు. కాని దారమునకు ముందే రంగువేసి నేసిన చీరయో, నేసిన గుడ్డపై అచ్చువేసిన చీరయో గుర్తుపట్టగలిగియుండవలెను. చెంగు తిరుగవేసి చూచిన చాలును: మన నేతయందు బొమ్మ రెండువైపుల నొక్కటే, అచ్చుగుడ్డ వెనుకవైపు వెలవెలబోవును. 2005లో పోచంపల్లి ఇక్కత్తునకు భౌగోళికసూచికగా రక్షణ లభించినను, ఈ పాటి యెఱుక కొనువారికి లేకపోవుటచేతనే అచ్చుగుడ్డ మన పేరుతో అంగళ్లలో చెల్లుచున్నది. కొనువాని తెలియమి నేయువాని కంచమును తట్టుచున్నదని మనకంటె బాగుగ నెఱిగినవారెవరు? కంప్యూటరు విషయమున మనమే కొనువారము. చెంగు తిరుగవేసి చూచుట మనము నేర్వలేదు.

ఆ నేర్వమివలన కలుగు నష్టము ఎట్టిదో చూడుడు. ఏ వ్యవస్థయైనను చేసినవారు కొంతకాలము దాని కంతలు పూడ్చుచుందురు. ఆ పూడ్చుటనే అప్‌డేటు అందురు. గడువు తీరగానే ఆపివేయుదురు. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోను, విండోసు 7నకు 2020 జనవరి 14తోను, విండోసు 10నకు 2025 అక్టోబరు 14తోను గడువు తీరినది. కడపటిదానికి కోరుకొన్నవారికి మాత్రము మఱియొక యేడు పొడిగింపు నిచ్చిరి. యంత్రము మునుపటివలెనే వెలుగుచుండును, లెక్కలు చేయుచుండును. కావున గడువు తీరినట్లు మన వ్యాపారస్థులకు తోచదు. కట్టకు బొక్కపడినను నీరు కనబడువఱకు చెఱువు నిండుగనే కనబడును గదా.

2017 మే 12న వానాక్రై యను దుష్టప్రోగ్రాము లోకముమీద పడెను. కంప్యూటరులోని కాగితములన్నిటికి తాళమువేసి, ధనమిచ్చిన తీయుదుననుట దాని వ్యాపారము. సుమారు 150 దేశములలో 2 లక్షలకు మించిన కంప్యూటర్లు దానివాతబడెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారివియు కొన్ని యందుండెను. అది దూరిన కంతను పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్ట్ వారు ఆ మార్చి నెలలోనే విడుదలచేసిరి. రెండునెలల కాలము మందు ఇంటనే యుండెను, మ్రింగినవారు బ్రదికిరి. "పనికి అడ్డము" అని అప్‌డేటును ఆపించువారు మనలో నెందఱో యున్నారు.

అయినను ఒకవైపు మాత్రమే చెప్పుట న్యాయము కాదు. అప్‌డేటే ఆపద తెచ్చిన దినమును కలదు. 2024 జులై 19న, కంప్యూటర్లకు కాపలాకాయుటకై క్రౌడ్‌స్ట్రయిక్ అను సంస్థ పంపిన యొక సవరణలో తప్పుండుటచేత, విండోసుతో నడచు యంత్రములు సుమారు 85 లక్షలు ఒక్కదినమున కూలబడెను. మన రంగారెడ్డి జిల్లాలోని శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు విమానమెక్కు చీటీలను చేతితో వ్రాసి యిచ్చిరి. ఆ చేతివ్రాత చీటీ పటము దేశమంతట తిరిగినది. ఆనాడు లినక్స్ యంత్రములకు, ఆపిల్ వారి యంత్రములకు ఆ దెబ్బ తగులలేదు. ఊరంతయు ఒక్క విత్తనమే చల్లినప్పుడు ఒక్క తెగులు చాలును. ప్రాబల్యమునకు ఇదియొక మూల్యము.

ఇక చేతిఫోను. మన కులబాంధవులలో పెక్కుమంది కంప్యూటరును తాకనే లేదు. వారి కంప్యూటరు ఫోనే. మన దేశపు ఫోనులలో నూటికి 90కి మించి ఆండ్రాయిడ్ వ్యవస్థతో నడచుచున్నవి. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమ్మకమునకు వచ్చినది. దాని గర్భమున నున్నది ఇంతకుముందు చెప్పిన లినక్సే! మనకు తెలియకుండ, కోరకుండ లినక్స్ మన యింట కాపురమున్నది. ఈ నీరటివానికి ఒక మంచి గుణము కలదు: ఎవడైనను క్రొత్తవాడు వచ్చి మన చిరునామాల పుస్తకమును, ఫోటోలను, సందేశములను చూడగోరినచో మనలను అడుగును — ఇతనిని లోనికి రానిత్తునా యని. మనము చదువకయే "అలౌ" అను గుర్తును నొక్కుదుము. వాకిట నిలిచి యడుగు కాపలావానికి, మొగమైనను ఎత్తిచూడక "పోనీ" యని చేయూపుట వంటిది.

2020లో అప్పులిచ్చు యాపులు హైదరాబాదు పరిసరముల యెట్టి దారుణములు చేసినవో పత్రికలు చదివినవారికి జ్ఞప్తియుండును. వేయి రెండువేలు అప్పిచ్చి, ఫోనులోని బంధువుల పేరులన్నియు లాగుకొని, తీర్చుట యాలస్యమైనంతనే ఆ బంధువులకందఱకు అవమానకరమైన సందేశములు పంపిరి. కొందఱు ప్రాణములే తీసికొనిరి. ఆ డిసెంబరులో పోలీసువారు పలువురను పట్టుకొనిరి. బంధువుల పేరులు వారికి చేర్చినది దొంగతనముకాదు, మనము నొక్కిన "అలౌ". ఇప్పుడు మఱియొక వేషము: ప్రభుత్వపథకపు పేరనో, వాహనపు చలానా పేరనో, పెండ్లిపిలుపు పేరనో వాట్సాపున ఏపీకే అను తోకగల ఫైలు వచ్చును. అది పత్రిక కాదు, పటము కాదు; ఒక ప్రోగ్రాము. ఫోను హెచ్చరించును. హెచ్చరికను దాటినచో బ్యాంకు పంపు రహస్యసంఖ్యలు వేఱొకరికి చేరును. ధనము పోయినవారు సిగ్గుపడి యూరకుండక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. మొదటి గంటలలో చెప్పిన ధనము ఆగుటకు అవకాశము కలదు. మఱునాడు చెప్పినచో ఆ యవకాశము సన్నగిల్లును.

భాషావిషయమున ఒక మాట చెప్పక ముందునకు పోలేము. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులకు విచిత్రమైన జబ్బు చేసినది. తెలుగక్షర మొక్కటి సందేశములో వచ్చిన చాలును, ఆ యాపు తెఱచుటకే వీలులేక కూలుచుండెను. ఆ యక్షరమేదో వినుడు: "జ్ఞా". జ్ఞానములోని మొదటి యక్షరమే యంత్రమును మూర్ఛిల్లజేసినది! ఆ నెల 19వ తేదీన సవరణ పంపి నయముచేసిరి. నవ్వుకొనదగిన కథయే కాని యిందొక బాధ కలదు. లోకము మన యక్షరములను పరీక్షించి చూచుట కడపటిదశలోనే. మనము అడుగనిచో అదియు లేదు. మన పక్షమున పనిచేసినవారును లేకపోలేదు. స్వేచ్ఛ యను సంస్థవారు 2005 నుండి హైదరాబాదు కేంద్రముగ, లినక్స్‌ను తెలుగుమాటలతో నడచునట్లు దిద్దు పనిని స్వచ్ఛందముగ చేయుచు వచ్చిరి. అది మన యిండ్లకు రాలేదేల? చేసినవారి లోపముకంటె మన లోపమే హెచ్చని మేము తలచుచున్నాము. దుకాణమున అడిగినవారు లేరు. అడుగనిది దుకాణదారు ఉంచడు. ఉంచనిది బాగుచేయువాడు నేర్వడు. లెక్కలు వ్రాయు ప్రోగ్రాములు దానిపై నడువవను కష్టమును కొంత నిజమే. కేరళమున ప్రభుత్వపాఠశాలలు లినక్స్‌నే పిల్లలచేత పట్టించినందున అచ్చట ఈ చక్రము మఱియొకవైపు తిరిగినది. పసితనమున చేయి దేనిపై తిరుగునో అదియే సులభమని తోచుట మగ్గము నేర్చినవారికి చెప్పనక్కఱలేదు.

నేర్చుటకు వయస్సడ్డము, చదువడ్డము అను పెద్దలకు చింతకింది మల్లేశముగారిని చూపుచున్నాము. ఆలేరు దగ్గఱ శారాజిపేటవారు. బడిచదువు కొలదిగనే జరిగినది. ఒక్క చీరకు వేలమాఱులు చేయి యిటునటు తిప్పి ఆసుపోయుచు తల్లి భుజము నొచ్చుట చూడలేక యంత్రమును కల్పించిరి. ఆ పిదప దానికి మైక్రోకంట్రోలరును జోడించి, దాని ప్రోగ్రామును తామే నేర్చిరి. 2017లో భారతప్రభుత్వము పద్మశ్రీనిచ్చి గౌరవించినది. ఆయన అవసరమునుండి విద్యకు పోయిరి. మనము విద్యను కొని యవసరమును వెదకుచున్నాము. అమీరుపేటలో వేలు పోసి జావా నేర్చిన పిల్లవాడు ఇంటి కంప్యూటరులోని కాగితములకు నకలు తీసి వేఱుగ దాచవలెనని యెఱుగడు.

పోషకమహాశయులకు మా మనవి. ప్రతిభగల విద్యార్థులకు ల్యాపుటాపులు బహూకరించుట మన సంఘమున ఆచారమైనది. ఆచారము మంచిదే. ఆ ధనములో పదవవంతు తీసి, మన సంఘభవనమున ఒక గదిని, రెండు పాతకంప్యూటర్లను ఏర్పాటుచేయుడు. గడువు తీరిన విండోసుతో మూలబడిన యంత్రములను పాఱవేయక మాకిండు. వానిలో పెక్కింటికి లినక్స్ పట్టును, ఉత్తరము వ్రాయుటకు, చదువుకొనుటకు, దరఖాస్తు పంపుటకు అవి చాలును. ఇంజనీరింగు చదువు మన యువకులు నెలకొక ఆదివారము రెండు గంటలు ఆ గదిలో కూర్చుండవలెను. వారు నేర్పవలసినది ప్రోగ్రాములు వ్రాయుట కాదు: ఏ వ్యవస్థ, ఏ కూర్పు, గడువెప్పుడు, అప్‌డేటు వచ్చుచున్నదా, ఏ యాపునకు ఏమేమి చూచు సెలవిచ్చితిమి, ముఖ్యపత్రములకు నకలెక్కడ — ఇంతియే. మన సోదరీమణులు ముందుగ రావలెనని ప్రత్యేకముగ కోరుచున్నాము. ఇంటిలెక్క వారి ఫోనులోనే యున్నది.

అచ్చువేయు మిత్రులకును ఒక మాట. మన పెండ్లిపత్రికలు, సంచికలు పాతపద్ధతి ఫాంట్లలో కూర్చుటచే, వేఱొక యంత్రమున తెఱచినప్పుడు పిచ్చిగీతలుగ కనబడుచున్నవి. ఈ సంచిక ప్రతినైనను యూనికోడులోనికి మార్చి సంఘము కడ భద్రపఱుపుడు.

భోజనానంతరము సభామంటపము ప్రక్కగదిలో మేమును, మన యువకులు నలుగురును కూర్చుండియుందుము. ఫోనుతో వచ్చినవారికి, వారు ఏయే యాపునకు ఏమేమి యనుమతించిరో వారి యెదుటనే తెఱచి చూపెదము. రహస్యసంఖ్య మాత్రము మాకును చెప్పవలదు.